గొలుసు ప్రార్థన

"ఎవరికి సెప్పినావమ్మా? అదొక్కటి సెప్పు. ఇంకేటీ అడగను."

ఎజ్రా గొంతు పెంచలేదు. పద్మజకి భయం వేసింది అందుకే.

అన్నయ్య అరిచే మనిషి. జనపనార మిల్లులో మగ్గాల మోత మధ్య పనిచేసేవాళ్ళు ఇంటికొచ్చాక కూడా ఆ మోతని దాటుకునే మాట్లాడతారు. మంచినీళ్ళు అడిగినా పోట్లాటలాగే ఉంటుంది. అలాంటివాడు ఇప్పుడు పక్కింటికి వినబడకుండా అడుగుతున్నాడు.

తల్లి పరంజ్యోతి ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని దబ్బనంతో దాని మూతి కుడుతోంది. దబ్బనం లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు.

"పోలీసులకి దొరక్కండా తిరుగుతున్న ఆ నరసింగరావు కూర్మయ్య కొట్టుకాడ టీ తాగి మరీ అడిగినాడంట. సోమారం విజయనగరం కోర్టుకెల్లే పిల్ల ఇల్లు ఏ వీదిలో అని. పద్మ ఊల్లోనే ఉన్నాదని ఆడికి తెలిసిపోనాది. రోజు తెలిసిపోనాది. వీదొక్కటే మిగిలున్నాది. రోజు తెలిసినోల్లం ఎవరం? నువ్వు, నాను, పద్మ. ఆ వకీలమ్మ. అంతేనా?"

"నానెవరికీ సెప్పనేదురా."

"మరి?"

"దేవుడికి సెప్పుకున్నాను."

ఎజ్రా తల్లి ఎదుట నేలమీద కూలబడ్డాడు. "ఎక్కడ సెప్పుకున్నావు?"

"పోయిన గురువారం. చర్చి స్త్రీల సమాజంలో. ప్రార్థన అంశాలేటున్నాయని అడిగినారు. అందరూ సెప్పుకున్నారు. ఒకావిడ మోకాల్నొప్పి సెప్పింది. ఒకావిడ కొడుకు పరీక్ష సెప్పింది. నాకు బరువు మోయలేక..."

"పేరెట్టి సెప్పినావా?"

"పేరెట్టకపోతే ఎవరికోసం చెయ్యమని అడగను?"

"రోజు కూడా సెప్పాలేటమ్మా? దేవుడికి కేలెండరు నేదేటి?"

పరంజ్యోతి ముఖం ముడుచుకుపోయింది. "అందరూ మనోల్లేరా," అంది.

లోపలి గది గుమ్మానికి అడ్డంగా కట్టిన పాత చీర వెనక పద్మజ ఆ మాట విన్నది. మనోల్లే. నరసింగరావు కూడా మనవాడే. ఈ వీధికి మారకముందు, పాత ఇంట్లో, అమ్మ ఎదురుగా కూర్చుని, పళ్ళెంలో చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. హైదరాబాదులో పెద్ద నర్సింగ్ హోమ్, ముసలివాళ్ళకి సాయంగా ఉండాలి, ఉండటానికి గది వాళ్ళే ఇస్తారు అన్నాడు. గది మాత్రం నిజంగానే ఇచ్చారు. హైదరాబాదు రాకుండానే రైలు మార్పించాడు.

భయం లోపలికి వచ్చే దారి పద్మజకి తెలుసు. ముందు చెవుల్లోకి వస్తుంది. కళ్ళు మూసుకోవచ్చు, చెవులకి రెప్పలు లేవు. తిరిగొచ్చిన తరవాత ఆమె ఈ వీధిలో అందరినీ నడకలతోనే పోల్చుకుంటోంది. ఎవరి చెప్పు ఈడుస్తుందో, ఎవరు గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగుతారో. తెలియని నడక వినబడితే ఆమెలో ఎవరో లేచి నిలబడతారు. ఆ లేచి నిలబడేది తనేనా అని ఒక్కోసారి అనుమానం.

"కేసొగ్గేద్దాం," అన్నాడు ఎజ్రా.

తల్లి తల ఎత్తి చూసింది.

"ఒగ్గేస్తే ఆడి దారిన ఆడు పోతాడు. అందాక పద్మని ఇక్కడుంచకూడదు. రేపు పొద్దున్న రైలుకి ఆమదాలవలస అత్తింటికి పంపించేస్తాను."

చీర పక్కకి జరిగింది.

పద్మజ ఆ గదిలోకి అంత తొందరగా వచ్చి చాలా రోజులైంది. తల్లీ కొడుకూ ఇద్దరూ ఆమె వంక చూడకుండా ఆమె పాదాల వంక చూశారు. తిరిగొచ్చినప్పటి నుంచి అందరూ అలాగే చూస్తున్నారు. ముఖాన్ని చూస్తే ఏదో అడగాల్సి వస్తుందన్నట్టు.

"నన్ను పంపించొద్దు."

"రెండు దినాలేనే."

"అందరూ నన్ను ఎక్కడికో ఒకచోటికి పంపిస్తానే ఉన్నారన్నయ్యా. పంపించిన పెతోడూ, భయం నేదు, రెండు దినాలు, అనే సెప్పినాడు."

"నన్ను ఆడితో కలుపుతావేటే?"

ఆమదాలవలస స్టేషన్లో ఆ రోజు ఆమె సంచిని బోగీలోకి ఎక్కించి, సీటు కింద సర్ది, నరసింగరావు చేతులు పట్టుకుని 'మీ చెల్లెలే అనుకోండి బాబూ' అని చెప్పింది ఎజ్రాయే. ఆ విషయం ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం వల్లనే అది రోజూ వాళ్ళతోపాటు భోజనానికి కూర్చుంటుంది.

ఎజ్రా లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పోయినేడాది తుఫానుకి లేచిపోయిన పైకప్పు రేకు చోట వేసిన కొత్త రేకు తళతళలాడుతోంది. దాన్నే చూస్తున్నాడు.

అప్పుడు గుమ్మం బయట చెప్పుల చప్పుడు ఆగింది. రెండు జతలు.

ముగ్గురూ కదల్లేదు.

"ఒలే పరంజ్యోతీ, నానే. తలుపు తియ్యి. మీ టీచరమ్మని తెచ్చినాను."

పక్కింటి చిన్నతల్లి. టీ కొట్టు కూర్మయ్య భార్య. కూతురికి సంబంధం కుదిరేదాకా మా గుంట మీ ఇంటికి రాదమ్మా, ఏటీ అనుకోకు అని గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళిన మనిషి. ఆ తరవాత గోడ మీంచి కూరగిన్నె కూడా రాలేదు.

ఎజ్రా తలుపు తీశాడు. చిన్నతల్లి వెనక జ్ఞానసుందరి. మిషన్ బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి, స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె కూర్చోలేదు.

"మా ముసిలోడు సెప్పినాడు ఆ ఎదవ అడిగిన సంగతి," అంది చిన్నతల్లి. "నాకు తెలీదని పంపీసినాడంట. కానీ రేపింకో కొట్టుకాడ అడుగుతాడు కదా. నాకేటీ తోచక ఈయమ్మ కాడికి పరిగెట్టినాను. మీ దేవుడి మనిషి కదా అని."

జ్ఞానసుందరి పరంజ్యోతిని చూసింది. "గురువారం నువ్వు చెప్పినమాట బయటికి పోయింది. అంతేనా?"

పరంజ్యోతి తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. చేతిలో దబ్బనం ఇంకా ఉంది.

"మన నోళ్ళు తెచ్చిన ముప్పు ఇది. మన మోకాళ్ళే తీర్చాలి. ఈ సాయంత్రం నుంచి సోమవారం పద్మజ కోర్టు మెట్లెక్కేదాకా ఈ ఇంట్లో గొలుసు ప్రార్థన."

ఎజ్రా నవ్వాడు. మంచి నవ్వు కాదు. "ఆడోల్లు మోకాల్లేస్తే ఆడాగుతాడా టీచరమ్మా?"

"ప్రార్థనకి ఆగడేమో. నిండిన ఇంటికి ఆగుతాడు. వాడెప్పుడూ ఖాళీ ఇళ్ళకే వచ్చాడు బాబూ. మగవాళ్ళు షిఫ్టుకి పోయిన ఇళ్ళకి, అప్పులున్న ఇళ్ళకి, నలుగురూ మాట్లాడని ఇళ్ళకి." ఆమె చిన్నతల్లి వైపు చూడలేదు. చిన్నతల్లే తల వంచుకుంది. "లోపల ఒకరు మోకాళ్ళమీద, బయట ఒకరు అరుగుమీద. తరవాతి మనిషి వచ్చి వీపుమీద చెయ్యి వేసేదాకా మొదటి మనిషి లేవకూడదు. మిల్లు మూడు షిఫ్టులు నడుస్తోంది కదా. మనం నడపలేమా?"

"నాకు మీ ప్రార్థన రాదు కదమ్మా," అంది చిన్నతల్లి.

"కూర్చోవడం వచ్చా?"

"అది బాగా వచ్చు. మా అత్త నన్ను తిట్టిందే దానికి."

పరంజ్యోతి ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో. ఆ ఇంట్లో ఆ రోజుకి అదే మొదటి వెచ్చదనం.

పద్మజ దాన్ని అనుభవించలేకపోయింది. ఆమె మనసు వేరే చోట పనిచేస్తోంది, చీకట్లో గోడని తడుముకునే చెయ్యిలాగ.

"టీచరమ్మా. గురువారం సమాజంలో ఎవరెవరున్నారు?"

జ్ఞానసుందరి కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. అది తుడవాల్సినంత మురికిగా లేదు.

"ఆల్లే కదా ఇప్పుడొచ్చి ఇక్కడ కూకుంటారు?"

దూరంగా ఎక్కడో ఆటో ఆగి, మళ్ళీ కదిలింది.

"అవునమ్మా," అంది జ్ఞానసుందరి చివరికి. "వాళ్ళే వస్తారు. మనకి వేరేవాళ్ళు లేరు."

పద్మజకి ఆమెమీద మొదటిసారి నమ్మకం కలిగింది. అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె చెప్పలేదు.

"ఉంటాను. ఎక్కడికీ ఎల్లను. సోమారం కోర్టుకెల్తాను," అంది పద్మజ. "కానీ ఎవరూ నా పేరు పైకి సెప్పకూడదు. భయపడకు అని నాకు ఎవరూ సెప్పకూడదు."

"మరేటి సెప్పాలే నీకు?" అంది చిన్నతల్లి.

"ఏటీ సెప్పొద్దత్తా. ఉండండి."

* * *

వచ్చారు. పద్మజ అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు.

చీర వెనక మంచం అంచున కూర్చుని ఆమె ఒక్కొక్క గొంతునీ విన్నది. దేవుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి తగాదా పడే గొంతు. పాటలో మొదటి చరణం తప్ప రాక, దాన్నే మళ్ళీ మళ్ళీ పాడే గొంతు. నడిమధ్యలో కునికి, తన గురకకి తనే లేచి, గట్టిగా స్తోత్రం అనే గొంతు. మిల్లులో సంచులు కుట్టే విభాగం నుంచి ఒకామె నారదుమ్ము పట్టిన తలతోనే వచ్చి మోకరించింది. ఆమె వెళ్ళాక చాపమీద బంగారు రంగు పోగులు మిగిలాయి.

వాళ్ళెవరూ చీర తొలగించి చూడలేదు. ఒకరు బన్ను పొట్లం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళారు. ఒకరు అమ్మ కుట్టాల్సిన సంచుల్లో సగం తమ ఇంటికి పట్టుకుపోయారు.

ఇంత దయని ఎలా తీసుకోవాలో పద్మజకి తెలియలేదు. ఎందుకంటే ప్రతి గొంతు దగ్గరా ఆమెలో ఒక ప్రశ్న లేస్తోంది. నువ్వేనా? ఏడుస్తూ ప్రార్థించేవాళ్ళని ఎక్కువ అనుమానించింది. మామూలుగా ప్రార్థించేవాళ్ళని అంతకంటే ఎక్కువ అనుమానించింది. తన చుట్టూ మనుషులు కట్టిన గోడలో ఒక ఇటుక వాడిది. ఏ ఇటుకో తెలియనప్పుడు గోడంతా వాడిదే అవుతుంది. నన్ను కాపాడేవాళ్ళని చూసి నేను వణుకుతున్నాను, అనుకుంది. వాడు నాకు చేసినవాటిలో ఇది కూడా ఒకటి. దీన్ని కోర్టులో ఏ మాటల్లో చెప్పాలి? న్యాయమూర్తి ఏ కాయితం మీద రాసుకుంటారు?

శనివారం మధ్యాహ్నం. ఎజ్రా మొదటి షిఫ్టులో ఉన్నాడు, సైరన్ మోగితే వస్తాడు. రాత్రంతా మేలుకున్న పరంజ్యోతి వంటింట్లో గోడకి ఆనుకుని నిద్రపోయింది. అరుగుమీద చిన్నతల్లి చింతపండులో గింజలు తీస్తోంది.

"వందనాలు చిన్నతల్లత్తా."

"రా కృపా. మీ ఆయన ఆటో బాగైందా?"

కృపారాణి. థామస్ భార్య. సోమవారం పొద్దున్న పద్మజని విజయనగరం తీసుకెళ్ళేది థామస్ ఆటోలోనే. వకీలమ్మ పంపే పోలీసు మనిషి కూడా అందులోనే ఎక్కాలని నిన్న రాత్రే నిర్ణయమైంది. వీధిలో పద్మజ ముఖాన్ని నేరుగా చూసి నవ్వే కొద్దిమందిలో కృపారాణి ఒకతె. ఆ నడక వింటే పద్మజలో ఎవరూ లేచి నిలబడరు.

"బాగైందత్తా. సోమారానికి సిద్ధం."

"మీ చెల్లి ఫోన్ చేస్తన్నాదా? ఏటి దాని పేరు, దీవెన. తిరుపూరు బనీను కంపెనీలోనేనా ఇంకా?"

"ఆఁ. చేస్తాది."

"పెళ్ళీడుకొచ్చింది. తెచ్చుకోండే. డబ్బులు ఏటి సేసుకుంటారు?"

కృపారాణి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. అంతకుముందున్న ముసలామె వీపుమీద చెయ్యి వేసింది. ముసలామె ఆమేన్ అని, మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ లేచి వెళ్ళింది.

చీర సందులోంచి పద్మజకి కృపారాణి సగం వీపు, చాపమీద బైబిలు, దాని పక్కన బోర్లా పెట్టిన ఫోను కనబడుతున్నాయి.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని కృపారాణి మొదలుపెట్టింది. మొదట్లో అందరి మాటలే. ఈ కుటుంబాన్ని నీ రెక్కల కింద దాచు. దుష్టుడి ఆలోచన చెడగొట్టు. తరవాత గొంతు తగ్గింది. ప్రార్థన తనకి తెలియకుండా లోతుకి దిగే చోటు ఒకటుంటుంది. అక్కడ మనిషి ఎవరు వింటున్నారో మరిచిపోతుంది. పరంజ్యోతి ఆ గురువారం మరిచిపోయింది.

"తండ్రీ, ఆ గదిలో ఉన్న బిడ్డని చూడు. మధ్యాహ్నమైతే బయట తాళం పడిపోయే ఆ గది. వల కట్టిన కిటికీ. ఆ వలలో కాళ్ళు చిక్కుకుని కొట్టుకునే పావురాల్ని చూసే దేవా, ఆ బిడ్డని చూడవా. ఆ పావురాల చప్పుడుకి నిద్దర పట్టట్లేదన్న బిడ్డని..."

పద్మజ మంచం మీంచి లేచింది.

ఆ పావురాల సంగతి ఆమె అమ్మకి చెప్పలేదు. అన్నకి చెప్పలేదు. వకీలమ్మ అడిగినప్పుడు కూడా కిటికీ ఉండేది అని మాత్రమే చెప్పింది. వల గురించి, అందులో చిక్కుకున్న పావురం తెల్లారేదాకా రెక్క కొట్టుకోవడం గురించి చెప్తే, ఆ గది మళ్ళీ తన చుట్టూ కట్టుకుంటుందని భయం. ఆ గదిని చూసినవాళ్ళకి తప్ప ఆ సంగతి తెలిసే వీల్లేదు.

లేదా ఆ గదిలోంచి మాట్లాడిన గొంతుని విన్నవాళ్ళకి.

ఒళ్ళు పారిపొమ్మంది. కాళ్ళు మాత్రం ముందుకే నడిచాయి. ఎందుకో ఆమెకే తెలియదు. బహుశా భయానికి కూడా ఒక అడుగు ఉంటుందేమో. అక్కడ కాలు ఆనితే ఇంక మునగడానికి ఏమీ మిగలదేమో.

చీర తొలగించుకుని వచ్చి, మోకరించిన కృపారాణి వీపుమీద చెయ్యి వేసింది.

"ఆమేన్," అంది కృపారాణి, వంతు అయిపోయిందనుకుని. కళ్ళు తెరిచి తిరిగి చూసింది.

అరుగుమీద చిన్నతల్లి చింతగింజ ఒకటి పళ్ళెంలో వేసింది. టక్కుమంది.

"పావురాల సంగతి ఎవరు సెప్పినారు వదినా?"

కృపారాణి పెదవులు కదిలాయి. ఏ మాట తను జార్చిందో అప్పుడు తెలిసింది ఆమెకి.

"దీవెన తిరుపూరులో నేదు కదా," అంది పద్మజ.

"గట్టిగా అనకే. నీ కాళ్ళట్టుకుంటాను. మా ఆయనకి తెలీదు."

"ఆడే తీసుకెల్లినాడా?"

"నువ్వు తిరిగొచ్చిన తరవాత తెలిసినాది నాకు. అందాకా బనీను కంపెనీయే అనుకున్నాను. సంక్రాంతికి చీర పంపింది. ఫోటో పంపింది. నీ సంగతి విన్నాక ఒకరోజు ఫోన్లో గదమాయించి అడిగితే ఏడ్చీసింది." కృపారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆడు నాతో మాట్లాడినాడు. ఆ పిల్ల కోర్టుకి ఎప్పుడెల్తాదో సెప్పు, మీ చెల్లిని పువ్వునాగ తెచ్చి దించుతానన్నాడు. రోజొక్కటే సెప్పినాను పద్మా. ఇల్లు సెప్పనేదు. ఒట్టు. ఇల్లు సెప్పనేదు."

"అందుకే ఆడొచ్చి కూర్మయ్య మావని అడిగినాడు."

"సోమారం నువ్వెల్లి సాక్ష్యం సెప్తే నా చెల్లి రాదే."

ఎంత మామూలుగా అంది. ఉప్పు లేదు, తెచ్చుకోవాలి అన్నట్టు.

పద్మజ ఆమెని అసహ్యించుకోవాలనుకుంది. అది అందలేదు. ఎదురుగా ఉన్న ముఖం కొత్తది కాదు. తను ఆ గదిలో ఉన్నప్పుడు ఇక్కడ అమ్మ ముఖం ఇలాగే ఉండి ఉంటుంది. ఎవరో వచ్చి, ఇంకొకరి కూతురి జాడ చెప్తే నీ కూతుర్ని తెస్తామని అంటే అమ్మ ఏం చేసేది? అన్నయ్య ఏం చేసేవాడు? ఆ ప్రశ్నకి జవాబు తనకి తెలుసు.

"టీచరమ్మకి సెప్పాలి," అంది.

"సెప్తే ఆడికి తెలిసిపోతాది. దాన్ని ఎక్కడికో మార్చీస్తాడు. మల్లీ దొరకదు."

"సెప్పకపోతే?"

ఇద్దరిమధ్యా చాపమీద ఫోను బోర్లా పడి ఉంది. అది వణకడం మొదలుపెట్టింది.

కృపారాణి దాన్ని పామును చూసినట్టు చూసింది. "ఆడే. ఇల్లెక్కడని అడగడానికి. పొద్దున్నించీ చేస్తన్నాడు."

ఫోను చాపమీద తనంతట తనే జరుగుతోంది, నారపోగుల్ని తోసుకుంటూ.

అరుగుమీద నుంచి చిన్నతల్లి కేకేసింది. "ఒలే కృపా, నీ ఫోనే? ప్రార్థనలో ఫోనేటే? మేం గుడికాడ చెప్పులు ఒగ్గుతాం, మీకు ఫోన్లు ఒగ్గమని సెప్పరేటి?"

వాడి గొంతు వినకూడదని పద్మజ ఇన్ని నెలలుగా ఎన్ని చేసింది. రేడియోలో మగగొంతు వస్తే కట్టేసింది. వీధిలో దగ్గు వినబడితే చెవులు మూసుకుంది. వాడు ఎప్పటికైనా దొరికి కోర్టులో ఎదురుగా మాట్లాడితే ఏమవుతుందోనని, తనలో తానే వాడి గొంతుని ఊహించుకుని, ప్రతిసారీ ఓడిపోయింది.

ఆమె ఫోన్ ఎత్తింది. చెవికి పెట్టుకుంది. ఏమీ అనలేదు.

అవతల ఊపిరి. తరవాత చాలా చిన్న గొంతు.

"అప్పా."

మగగొంతు కాదు. అక్కని పిలుస్తున్న ఆడపిల్ల గొంతు.

"అప్పా, మాటాడవేటి? ఆ ఇల్లేదో సెప్పేయమంతన్నాడు. సెప్పేయప్పా. సెప్పేస్తే ఒగ్గేస్తానన్నాడు. ఫోన్ నా చేతికిచ్చి తలుపు బయట నిలబడ్డాడు."

కృపారాణి చెయ్యి చాచింది. పద్మజ ఆ చేతిని పట్టుకుని నేలకి అదిమింది. ఆపుతోందో, పట్టుకుని తను నిలబడుతోందో తేల్చుకోలేకపోయింది.

"దీవెనా," అంది గొంతు తగ్గించి.

"నువ్వు మా అప్పవి కాదు."

"కాదు. ఆ పావురాల గదిలో నీకంటే ముందు నానున్నాను."

అవతల ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం పద్మజకి తెలుసు. ఆ గదిలో ఉన్నవాళ్ళు మనుషుల్ని నమ్మాలా వద్దా అని తూచే నిశ్శబ్దం అది. అన్నయ్యకి, అమ్మకి, టీచరమ్మకి అది అర్థం కాదు. తనకి అర్థమవుతుంది. ఆ ఒక్క విషయంలో భయానికి తనకంటే ఎక్కువ తెలియదు.

"మీ అప్ప నా పక్కనే ఉన్నాది. ఏడవకు. కిటికీకాడికి ఎల్లు. పావురాలున్నాయా ఇప్పుడు?"

"నేవు. ఇది ఆ గది కాదు."

"ఎక్కడున్నావు?"

"తెలీదు. నిన్న రైలు దించినారు. చీకటిపడ్డాక ఆటోలో తెచ్చినారు. ముసుగేసీసినారు."

"కిటికీలోంచి ఏటి కనబడతాది? బేగి సెప్పు."

"గోడ కనబడతాది. దాని మీద... ఒక గొట్టం. పొడుగ్గా. పొగగొట్టం నాగుంది."

పద్మజ తల ఎత్తింది. తెరిచి ఉన్న గుమ్మంలోంచి చిన్నతల్లి వీపు, దాని పైన వీధి, వీధి చివర ఇళ్ళ కప్పులు, వాటన్నిటి మీదా మిల్లు గొట్టం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న గొట్టం.

చాలా ఊళ్ళలో గొట్టాలుంటాయి, అనుకుంది. చాలా ఊళ్ళలో ఉంటాయి.

బయట సైరన్ మోగింది. మొదటి షిఫ్టు వదిలారు. ఎప్పటిలాగే కప్పు రేకులు సన్నగా అదిరాయి. అరుగుమీద చిన్నతల్లి, "మీ అన్న వచ్చేస్తాడే," అని లోపలికి కేకేసి చింతపండు పళ్ళెం సర్దుకుంటోంది.

పద్మజ రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుంది.

ఫోన్లో, దీవెన ఊపిరి వెనక, అదే సైరన్ మోగుతోంది.